‘వీలైతే ఓసారి చూడండి’ అంటే ఇవాళే చూడమని

ప్రశ్న: ఆరేళ్ళు హైదరాబాదులో కూర్చుని డాలస్ క్లయింటుకు పనిచేశాను. మే నెలలో లీడ్స్ వచ్చాను. ఇక్కడి క్లయింటు బ్రిటిష్ సంస్థ, టెస్టింగ్ బృందమేమో మెల్‌బోర్న్‌లో ఉంది. డాలస్ వాళ్ళు నా ఇంగ్లిషును మెచ్చుకునేవాళ్ళు. ఇక్కడ మొదటి నెలలోనే దెబ్బ తగిలింది. క్లయింటు మేనేజరు ‘ఇట్ మైట్ బి వర్త్ హావింగ్ అనదర్ లుక్ ఎట్ ది ఎర్రర్ హ్యాండ్లింగ్, వెన్ యు గెట్ ఎ మొమెంట్’ అని రాశాడు. ప్రోగ్రాములో తప్పులొస్తే సర్దే భాగాన్ని తీరికైనప్పుడు చూడమన్నాడు కదా అని వారం రోజులు పక్కన పెట్టాను. అతను నన్ను ఒక్క మాట అడక్కుండా మా పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. ఇప్పుడు నా ఇంగ్లిషంతా మళ్ళీ నేర్చుకోవాలా? ఆగస్టులో మా ఆవిడ, ఏడేళ్ళ బాబు వస్తున్నారు. ఆవిడ సెప్టెంబరులో మాస్టర్స్‌లో చేరుతోంది. వాళ్ళకు ముందుగా ఏం చెప్పి ఉంచాలి? ఇంకో చిన్న సంగతి. ఆఫీసులో ఒకాయన గురువారం ‘హాఫ్ ఫైవ్’కి వాళ్ళింటికి టీకి రమ్మన్నాడు. హాఫ్ ఫైవ్ అంటే నాలుగున్నరా, ఐదున్నరా?
— ఒక పాఠకుడు, లీడ్స్

సమాధానం: మీ ఇంగ్లిషుకేం ఢోకా లేదు. ఆ మేనేజరు రాసిన వాక్యంలో మీకు తెలియని మాట ఒక్కటైనా ఉందా? లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. తెలియని మాట తగిలితే మనం ఆగి అడుగుతాం. ఎలివేటర్‌ను ఇక్కడ లిఫ్ట్ అంటారని, గ్యాస్‌ను పెట్రోల్ అంటారని వారంలో తెలిసిపోతుంది, దానివల్ల నష్టమేమీ ఉండదు. తెలిసిన మాటే వేరే అర్థంతో వస్తే మాత్రం ఆగం. చిత్తూరు వైపు ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప, హైదరాబాదులో ఉల్లిగడ్డ అంటే ఉల్లిపాయ. ఒకటి తెమ్మంటే ఇంకోటి తెచ్చాడని సంచీ విప్పాక గానీ బయటపడదు.

ఆ వాక్యాన్నే విప్పి చూద్దాం. ‘మైట్ బి వర్త్’ చూడటానికి సలహాలా ఉంది, నిజానికి అది పని అప్పగించడం. ‘అనదర్ లుక్’ అంటే మీరు మొదటిసారి చేసింది సరిగా లేదని. ‘వెన్ యు గెట్ ఎ మొమెంట్’ గడువు కాదు. మీ చేతిలో వేరే పనులున్నాయని నాకు తెలుసు అనే మర్యాద మాత్రమే. డాలస్ మేనేజరైతే ఇదే సంగతిని ‘ప్లీజ్ ఫిక్స్ ది ఎర్రర్ హ్యాండ్లింగ్ బై ఫ్రైడే’ అని రాసేవాడు. ఇద్దరి అవసరమూ ఒకటే. ఒకాయన పనిని పైన పెట్టి చెప్పాడు, ఇంకొకాయన పొట్లం కట్టి ఇచ్చాడు.

ఇలాంటి పొట్లాలు విప్పడం మనకు కొత్తేమీ కాదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీలు తాగి ‘ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం’ అని లేస్తే ఆ ఫోను కోసం ఎవరూ కూర్చోరు. ఇంట్లో పెద్దాయన ‘ఫ్యాను తిరుగుతున్నట్టు లేదే’ అంటే అది ఫ్యాను మీద వ్యాఖ్య అనుకోం, లేచి స్విచ్చి వేస్తాం. తెలుగులో ఇంత చురుగ్గా ఉండే చెవి ఇంగ్లిషుకు వచ్చేసరికి మొద్దుబారుతుంది. ఎందుకంటే ఇంగ్లిషును మనం పుస్తకంలో నేర్చుకున్నాం, అక్షరానికి ఉన్న అర్థమే పట్టుకుంటాం. దానిమీద మీకు ఆరేళ్ళ డాలస్ అలవాటు. అక్కడ మాటకూ మనసుకూ మధ్య దూరం తక్కువ.

ఈ తేడా ఇంగ్లిషు పుట్టుకతో వచ్చినవాళ్ళనే ముంచింది. 1951 ఏప్రిల్‌లో కొరియా యుద్ధంలో ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ బ్రిగేడ్ మీద చైనా సైన్యం వేల సంఖ్యలో విరుచుకుపడింది. పరిస్థితి ఎలా ఉందని పై అధికారి అయిన అమెరికన్ జనరల్ అడిగితే, బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ ‘ఎ బిట్ స్టిక్కీ’ అన్నాడని చెబుతారు. బ్రిటిష్ చెవికి అది ‘మునిగిపోతున్నాం’ అన్న మాట. అమెరికన్ చెవికి ‘కాస్త ఇబ్బందే గానీ నెట్టుకొస్తాం’ అని వినపడింది. చుట్టుముట్టిన గ్లోస్టర్‌షైర్ బెటాలియన్‌లో తప్పించుకు బయటపడ్డది కొద్దిమందే, మిగిలినవాళ్ళలో చాలామంది బందీలయ్యారు. కాబట్టి ‘ఎ బిట్’, ‘స్లైట్లీ’, ‘పర్‌హ్యాప్స్’, ‘జస్ట్’ లాంటి చిన్న మాటలు కనబడితే విషయం చిన్నదనుకోవద్దు. బ్రిటిష్ మెయిల్లో ‘ఐయామ్ ఎ బిట్ కన్సర్న్‌డ్’ అని వచ్చిందంటే కుర్చీలో సర్దుకుని కూర్చోవాల్సిందే.

ఏది ఉత్త మాట, ఏది పని అని తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. వాక్యంలో ఫలానా వస్తువు పేరు పెట్టి చెప్పాడా లేదా చూడండి. ‘వుయ్ షుడ్ క్యాచప్ సమ్‌టైమ్’లో ఏమీ లేదు, అది మన ‘ఓసారి ఇంటికి రండి’ లాంటిది. మీ మేనేజరు ఎర్రర్ హ్యాండ్లింగ్ అని పేరు పెట్టాడు, అంటే పనే. అదే సంగతి రెండోసారి ఎత్తాడంటే ఓపిక అయిపోతోందని అర్థం. మూడోసారి మీకు రాదు, మీ పైవాళ్ళకు వెళుతుంది. మిమ్మల్ని అడక్కుండా ఫిర్యాదు చేశాడని బాధపడుతున్నారు గానీ, అతని లెక్కలో అతను అడిగేశాడు, మీరు జవాబివ్వలేదు.

ఇకమీద అలాంటి మెయిల్ వస్తే ఆ రోజే రెండు ముక్కలు రాయండి. ‘థాంక్స్, ఐ విల్ లుక్ ఎట్ ఇట్ టుడే అండ్ సెండ్ ఎ ఫిక్స్ బై నూన్ ఆన్ థర్స్‌డే. డస్ దట్ వర్క్?’ చాలు. గడువు మీరే పెట్టి వాళ్ళ చేత ఒప్పించుకోవడమే ఇందులో కిటుకు. నిజంగా తొందర లేకపోతే ‘నో రష్, నెక్స్ట్ వీక్ ఈజ్ ఫైన్’ అని వాళ్ళే చెబుతారు. ‘ఈజ్ ఇట్ అర్జెంట్?’ అని మాత్రం అడగకండి. మొహమాటానికి ‘నాట్ రియల్లీ’ అంటారు, మీరు మళ్ళీ బోల్తా పడతారు.

ఒక జాగ్రత్త. బ్రిటిష్ వాళ్ళు ఏమంటారు, అసలు ఏమనుకుంటారు అనే పట్టికలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. సగం సరదాకు రాసినవి. వాటిని బట్టీపట్టి ‘ఇంట్రెస్టింగ్’ అన్న ప్రతిసారీ వెటకారమని అనుమానిస్తే మనశ్శాంతి పోతుంది. పైగా మీరున్నది యార్క్‌షైర్. మనసులో మాట దాచం అని గొప్పగా చెప్పుకునే ఊళ్ళు అవి. అక్కడివాడు ‘దట్స్ నాట్ రైట్’ అంటే అది అంతే, లోపల ఇంకేమీ లేదు.

ఇప్పుడు మీ వైపు నుంచి వెళ్ళే మెయిల్స్ సంగతి. డాలస్‌కు మీరు ‘ప్లీజ్ సెండ్ ది లాగ్స్ బై ఈఓడీ’ (ఎండ్ ఆఫ్ డే, అంటే రోజు ముగిసేలోపు) అని రాసి ఉంటారు. ఇక్కడ ప్లీజ్ తగిలించినంత మాత్రాన ఆజ్ఞ విన్నపం అయిపోదు, కాస్త విసుగ్గా కూడా వినపడుతుంది. ‘కుడ్ యు సెండ్ మి ది లాగ్స్ బై ఫైవ్ టుడే, ప్లీజ్?’ అంటే చాలు. ప్రశ్నగా మార్చండి, ఎందుకు కావాలో అరవాక్యం చేర్చండి, ఈఓడీ తీసేసి గంట రాయండి. లీడ్స్‌లో ఆఫీసు రోజు ముగిసేటప్పటికి మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఎవరి ఈఓడీ?

మెచ్చుకోళ్ళలోనూ ఈ కొలతలు తేడా. ‘ఆసమ్’, ‘గ్రేట్ జాబ్’ విని అలవాటైన మీకు ‘నాట్ బ్యాడ్ ఎట్ ఆల్’ చప్పగా అనిపిస్తుంది. మా బామ్మ తరం వాళ్ళు ‘పరవాలేదే, బాగానే చేశావు’ అనేవాళ్ళే, అది నిండు ప్రశంస. ‘నాట్ బ్యాడ్ ఎట్ ఆల్’ కూడా అంతే, సంతోషించండి. ‘క్వైట్ గుడ్’ దగ్గర మాత్రం సంతోషించకండి. అమెరికన్ నోట క్వైట్ అంటే చాలా. బ్రిటిష్ నోట ఎక్కువసార్లు ఓ మోస్తరు. మీ డిజైన్ క్వైట్ గుడ్ అన్నారంటే తర్వాతి వాక్యం ‘బట్’తో మొదలయ్యే వీలు ఎక్కువ.

ఒకే మాటకు ఎదురెదురు అర్థాలు ఉండటంలో ‘టేబుల్’ను మించింది లేదు. లండన్‌లో ఒక అంశాన్ని టేబుల్ చేద్దామంటే ఇప్పుడే చర్చకు పెడదామని, వాషింగ్టన్‌లో టేబుల్ చేద్దామంటే పక్కన పెడదామని. రెండో ప్రపంచయుద్ధంలో రెండు దేశాల అధికారులు ఒకే అంశం మీద చర్చ జరగాలనుకుంటూనే ఈ మాట పట్టుకుని చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. మీటింగ్‌లో ఆ మాట అసలు వాడకండి. ‘డిస్కస్ టుడే’, ‘లీవ్ ఇట్ ఫర్ లేటర్’ అనండి. ‘రిడండెంట్’ సర్వరు గురించైతే ఒకటి పోయినా ఆదుకునే అదనపుది అని, ఎక్కడైనా మంచిదే. బ్రిటన్‌లో మనిషి గురించి వాడితే అతని ఉద్యోగం ఎత్తేశారని. ఇంట్లోవాళ్ళకు ముందు చెప్పాల్సింది ‘పేవ్‌మెంట్’. బ్రిటన్‌లో అది నడిచేవాళ్ళ దారి, అమెరికాలో బళ్ళు తిరిగే రోడ్డు పైభాగం. బట్టల్లో ప్యాంట్స్ అంటే లోదుస్తులు, వెస్ట్ అంటే బనియన్. మనకు ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ ఒకటే ‘వ’ కాబట్టి వెస్ట్ యార్క్‌షైర్ అన్నప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టండి, లేకపోతే బనియన్ యార్క్‌షైర్ అవుతుంది. మన పెళ్ళి ప్రకటనల్లో ‘హోమ్లీ’ అమ్మాయి కావాలంటారే, బ్రిటన్‌లో ఆ మాట హాయిగా ఉండే ఇంటికి వాడతారు, అమెరికాలో అందంగా లేని మనిషికి.

తేదీల మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. మీ ప్రాజెక్టులో అసలు ప్రమాదం మాటల్లో కాదు, అంకెల్లో ఉంది. డాలస్‌లో 03/04 అంటే మార్చి 4. లీడ్స్‌లో, మెల్‌బోర్న్‌లో, మన దగ్గర ఏప్రిల్ 3. నెలలో 12వ తేదీ దాటాక తప్పు దానంతట అదే బయటపడుతుంది, పదమూడో నెల లేదు గనుక సిస్టమ్ ఒప్పుకోదు. 1 నుంచి 12 దాకా ఉన్న తేదీలే మోసం చేస్తాయి. అటూ ఇటూ చదవగలిగేవి ఏడాదికి 144. అందులో 01/01, 02/02 లాంటి 12 ఎలా చదివినా ఒకటే. మిగిలిన 132 రోజుల్లో తప్పు తేదీ నోరెత్తకుండా డేటాబేసులోకి వెళ్ళిపోతుంది. అందుకే ప్రతి నెలా 12 దాకా రిపోర్టులు తిక్కగా వచ్చి, 13 నుంచి ఎర్రర్లు మొదలైతే ముందు తేదీ అమరికనే అనుమానించండి. ఎక్సెల్‌లో తెరిచిన ఫైలు ఆ కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగును బట్టి తేదీలు చదువుతుంది. ఒకే ఫైలు హైదరాబాదు లాప్‌టాప్‌లో ఒకలా, అమెరికా సెట్టింగున్న లాప్‌టాప్‌లో ఇంకోలా కనబడటానికి కారణం అదే. ఫైళ్ళలో 2025-04-03 తరహాలో ఏడాది ముందు పెట్టండి, మెయిల్స్‌లో నెల పేరు అక్షరాల్లో రాయండి. లక్షలు, కోట్లు ఎవరికీ అర్థం కావు. కామాలు మూడేసి అంకెలకే పెట్టాలి. పాత బ్రిటిష్ పత్రాల్లో బిలియన్ అంటే లక్ష కోట్లు ఉండేది. 1974 నుంచి ప్రభుత్వం కూడా అమెరికా లెక్కే పట్టింది, ఇప్పుడు రెండు చోట్లా వంద కోట్లే. ప్రింటింగుకు ఇక్కడ ఏ4 కాగితం. డాలస్ నుంచి తెచ్చుకున్న టెంప్లేట్లు లెటర్ సైజులో ఉంటాయి. అది ఏ4 కంటే వెడల్పు 6 మిల్లీమీటర్లు ఎక్కువ, పొడవు 18 తక్కువ. పేజీ సెటప్ మార్చకపోతే అంచులు తెగుతాయి.

స్పెల్లింగు గురించి మరీ బెంగ వద్దు. నిజానికి మీరు కొత్తగా నేర్చుకునేది తక్కువ, బడిలో నేర్చుకుని డాలస్ కోసం మానేసింది తిరిగి తెచ్చుకోవడం ఎక్కువ. కలర్‌లో ‘యు’, సెంటర్ చివర ‘ఆర్ఈ’, జెడ్, ఫుల్‌స్టాప్, క్యూ, గ్రౌండ్ ఫ్లోర్ మీద ఫస్ట్ ఫ్లోర్, అన్నీ మన బడివే. 1828లో నోవా వెబ్‌స్టర్ అమెరికా నిఘంటువు వేసి స్థిరపరిచిన పొట్టి రూపాలు మీ వేళ్ళకు అలవాటయ్యాయి, అంతే. వర్డ్‌లో ప్రూఫింగ్ భాషను యూకే ఇంగ్లిషుగా మార్చండి. కోడ్‌లో మాత్రం కలర్ స్పెల్లింగు ముట్టుకోకండి. వెబ్ పేజీలకు రంగులు, రూపం ఇచ్చే సీఎస్ఎస్‌కు ‘యు’ పెడితే పని చేయదు. ‘ఆర్గనైజ్’లో జెడ్ ఉందని ఎవరైనా దిద్దితే దిద్దనివ్వండి గానీ అది తప్పు కాదు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు అలాగే రాస్తారు. ఆస్ట్రేలియాలో లేబర్ అనే మామూలు మాటకు ‘యు’ ఉంటుంది, లేబర్ పార్టీ పేరులో ఉండదు. తర్కం వెతక్కండి.

బడి నుంచి తెచ్చుకున్నదంతా పనికొస్తుందనీ కాదు. ‘డూ ది నీడ్‌ఫుల్’ పాతకాలపు బ్రిటిష్ గుమాస్తా మాట. వాళ్ళు వదిలేశారు, మనం దాచుకున్నాం. దాని బదులు ఏం చేయాలో ఆ పని పేరే రాయండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీరు వాళ్ళ మాట నమ్మట్లేదని అనుకుంటారు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి. ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2015’ అంటే ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయారని, ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలి. ప్రీపోన్ నిజానికి చక్కటి మాట, పోస్ట్‌పోన్‌కు జోడీ. అయినా ఇక్కడ చాలామందికి తెలియదు. ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటారు. ‘పుష్ బ్యాక్’ అంటే వాయిదా వేయడం. ‘మూవ్ ది మీటింగ్ ఫార్వర్డ్’ అంటే ముందుకా, వెనక్కా అని ఇంగ్లిషు వాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు, వెంటనే తేదీ అడగండి. రెస్పెక్టెడ్ సర్ వద్దు, హాయ్ పెట్టి మొదటి పేరు రాయండి. చివర్లో ‘చీర్స్’ అని వస్తే తాగుడు గురించి కాదు, థాంక్స్ అని.

ఫోన్లో ‘కెన్’, ‘కాంట్’ తేడా పడుతుంది. అమెరికన్లు చివరి ‘ట్’ మింగేసినా, ఇక్కడివాళ్ళు ‘కాన్ట్’ అని దీర్ఘం తీస్తారు కాబట్టి వినడం తేలిక. మీరు చెప్పేటప్పుడు అనుమానం ఉంటే ‘కెనాట్’ అని పూర్తిగా అనేయండి. ‘డబుల్ ఫోర్’, ‘డబుల్ సెవెన్’ ఇక్కడ నిక్షేపంగా చెల్లుతాయి.

మెల్‌బోర్న్ వాళ్ళతో లెక్క వేరు. బ్రిటిష్ ఇంగ్లిషు స్పెల్లింగే గానీ పొట్లం కట్టే అలవాటు తక్కువ. టెస్టర్ ‘దిస్ ఈజ్ బ్రోకెన్’ అని రాశాడంటే కోపం కాదు, సమాచారం. ‘హౌ యా గోయింగ్?’ అంటే ఎలా ఉన్నావని, బస్సులో అని చెప్పకండి. ‘డే’ అన్నది ‘డై’ లాగా వినపడుతుంది. ‘ఆర్వో’ అంటే మధ్యాహ్నం. ‘యా, నా’ అంటే చివరి మాటే జవాబు, అంటే కాదని. పెద్ద హోదా అని సర్ అంటే ఇబ్బంది పడతారు, సొంత డబ్బా కొట్టుకుంటే ఇంకా ఇబ్బంది పడతారు. అమెరికా తరహాలో మీ ఘనకార్యాలన్నీ మొదటి పరిచయంలోనే ఏకరువు పెట్టకండి. ‘వేసవిలోపు పూర్తి చేద్దాం’ అని ఎవరన్నా నెల అడగండి. వాళ్ళ వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. క్రిస్మస్ నుంచి జనవరి 26 ఆస్ట్రేలియా డే దాకా చాలామంది సెలవుల్లో ఉంటారు, ఆ వారాల్లో రిలీజ్ పెట్టుకోవద్దు. వాళ్ళ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలు, కాబట్టి ‘క్యూ వన్’ (మొదటి మూడు నెలలు) అన్నా నెలల పేర్లు రాయించుకోండి. లీడ్స్‌కూ మెల్‌బోర్న్‌కూ ఇప్పుడు 9 గంటల తేడా. వాళ్ళ గడియారాలు అక్టోబరు మొదటి ఆదివారం, మీవి చివరి ఆదివారం మారతాయి. మధ్యలో 10 గంటలు, ఆ తర్వాత 11. ఇప్పుడు ఉదయం 8కి పెట్టుకున్న కాల్ వాళ్ళకు సాయంత్రం 5, నవంబరులో రాత్రి 7 అవుతుంది. అక్టోబరులోపే సర్దుకోకపోతే ఒక్కొక్కరే రావడం మానేస్తారు, ఎందుకు రాలేదో చెప్పరు.

ఇక ఇంటి సంగతులు. బాబుకు ఆగస్టు 31 నాటికి 7 నిండితే సెప్టెంబరులో ఇయర్ త్రీలో వేస్తారు. హైదరాబాదులో రెండో తరగతి చదివినా కంగారు పడకండి, ఇక్కడ తరగతి వయసును బట్టి ఉంటుంది. బడి కాగితాల్లో ‘స్కూల్ డిన్నర్’ అని ఉంటే అది మధ్యాహ్న భోజనం. జంపర్ అంటే స్వెటర్, ట్రైనర్స్ అంటే ఆటల బూట్లు, పీఈ కిట్ అంటే వ్యాయామం బట్టలు. అన్నిటి మీదా పేరు రాయమంటారు, నిజంగానే రాయండి. పబ్లిక్ స్కూల్ అనే మాట విని ప్రభుత్వ బడి అనుకోవద్దు. ఇంగ్లండులో అది లక్షల ఫీజుల బడి. ప్రభుత్వ బడి స్టేట్ స్కూల్.

మీ ఆవిడకు ముందే చెప్పాల్సింది మార్కుల గురించి. బ్రిటిష్ మాస్టర్స్‌లో సాధారణంగా 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. మొదటి వ్యాసానికి 62 వస్తే మన పిల్లలు ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేస్తారు, అది మంచి మార్కు. 80 దాటడం అరుదు. అమెరికాలో 70 అంటే సి గ్రేడు కాబట్టి డాలస్ బంధువులకు మార్కులు చెబితే పక్కన ఈ కొలత కూడా చెప్పాలి. సబ్జెక్టును మాడ్యూల్ అంటారు. చివర్లో రాసేది డిసర్టేషన్, థీసిస్ అంటే పీహెచ్‌డీ వాళ్ళది. అమెరికాలో సరిగ్గా తిరగేసి ఉంటుంది.

‘సర్జరీ’కి వెళ్ళాను అని బాబు టీచరు చెబితే ఆపరేషన్ అనుకోకండి, డాక్టరు క్లినిక్కే సర్జరీ. ప్రాణం మీదకొస్తే 999, అంత కాకపోతే 111. జ్వరం సెల్సియస్‌లో చెబుతారు, 38 గానీ ఆపైన గానీ ఉంటే జ్వరం కింద లెక్క. మనవాళ్ళు సూట్‌కేసు నిండా డోలో 650 తెచ్చుకుంటారు. అది పారాసిటమాలే. అమెరికాలో అసిటమినోఫెన్ అన్నా, టైలెనాల్ అన్నా అదే మందు. పేర్లు వేరు కదా అని రెండూ కలిపి వేసుకుంటే కాలేయానికి ముప్పు. ఇక్కడి పెట్టె మీద పెద్దవాళ్ళకు 24 గంటల్లో 8 మాత్రలు మించవద్దని ఉంటుంది. ఆ లెక్క 500 మిల్లీగ్రాముల మాత్రలకు, మొత్తం 4 గ్రాములు. 650వి ఎనిమిది వేసుకుంటే 5.2 గ్రాములు అవుతుంది. ఆరు మించకూడదు, జలుబు పొడుల్లోనూ ఇదే మందు ఉంటుందని గుర్తుంచుకుని ఆ మేరకు ఇంకా తగ్గించాలి. బాబుకు మాత్రం ఈ మాత్రల లెక్క వద్దు, ఇక్కడి ఫార్మసీలో పిల్లల సిరప్ అడిగి వయసుకు తగ్గ కొలత ప్రకారం పోయండి.

లీడ్స్ వీధిలో ‘యు ఆల్‌రైట్?’ అంటే ఆరోగ్యం బాగాలేనట్టు కనబడుతున్నానా అని తడుముకోనక్కర్లేదు. ‘ఆల్‌రైట్, యు?’ అనేసి నడవడమే. బస్సు డ్రైవరు ‘లవ్’ అని పిలిస్తే అది మన ‘అమ్మా’, ‘బాబూ’ లాంటిది. పాతతరం యార్క్‌షైర్ వాళ్ళు ‘నైన్ వైల్ ఫైవ్’ అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా అని. వైల్‌కు ఇక్కడ ‘వరకు’ అనే అర్థం ఉంది.

మీ గురువారం సంగతి. హాఫ్ ఫైవ్ అంటే ఐదున్నర. ఉత్తర ఇంగ్లండులో టీ అంటే కప్పులో పోసేది కాకపోవచ్చు, రాత్రి భోజనానికే ఆ పేరు. ఐదున్నరకు పిలిచాడంటే భోజనమే. కాబట్టి టిఫిన్ చేసి వెళ్ళకండి, మధ్యాహ్నం కూడా తేలిగ్గా తినండి. ఐదూ ముప్ఫైఐదుకు తలుపు తట్టండి, ముందు వెళ్ళి కూర్చోవద్దు. చేతిలో ఒక స్వీట్ల పెట్టె చాలు. మీరు శాకాహారులైతే బుధవారమే చెప్పండి. ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే అర్థం. గుడ్డు కూడా ముట్టకపోతే ‘నో ఎగ్స్’ అని విడిగా చెప్పాలి. లేకపోతే ఆయన భార్య మీకోసం ప్రత్యేకంగా ఆమ్లెట్ వేసి పెడుతుంది.